స్క్రీన్ నల్లబడితే ఫార్మాటే మందా?

పెండ్లికెమెరా, కరీంనగర్
నమస్తే అందరికీ. ఇంట్లనే కూర్చొని పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త. వారం పది రోజుల సంది ఎక్స్‌పోర్ట్ పెట్టంగనే స్క్రీన్ నల్లగైతంది. రెండు మూడు సెకన్లకు మళ్ల వస్తది గాని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసుకపోతది, చేసిన పని పోతది. ఏప్రిల్ 9 నాడు గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, కొత్తది వేసిన. దాని తర్వాతనే ఈ లొల్లి. షాపుకు తీస్కపోతే "డ్రైవర్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలె, 700" అన్నరు. సి డ్రైవ్‌ల ప్లగిన్లు, తెలుగు ఫాంట్లు, టైటిల్ టెంప్లేట్లు ఉన్నయి. అన్నీ మళ్ల పెట్టుకునేసరికి రెండు దినాలు. శుక్రవారం ఒక పార్టీకి వీడియో ఇయ్యాలె. ఒక్క డ్రైవర్ కోసం మొత్తం ఫార్మాట్ చెయ్యాల్నా?

నెల్లూరు_టెర్మినల్
వద్దండీ, అస్సలు వద్దు. దీనికి డీడీయూ ఉంది, అంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసే సాఫ్ట్‌వేర్. ముందు మీ కార్డు కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించి పెట్టుకోండి. తర్వాత నెట్ కేబుల్ పీకెయ్యండి, వైఫై ఆపెయ్యండి. ఇది మరిచిపోవద్దు. నెట్ ఉంటే పాత డ్రైవర్ తీసీ తియ్యకముందే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నదేదో వేసేస్తుంది, మీరు పడ్డ శ్రమ వృథా. సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ కనీస అవసరాలతోనే లేచే పద్ధతిలోకి, వెళ్ళి డీడీయూ నడపండి, రీస్టార్ట్ చేసి కొత్తది వెయ్యండి. అరగంట పని. మీ ఫాంట్లకు ఏమీ కాదు.

సర్వీస్‌బెంచ్, సికింద్రాబాద్
షాపోళ్ళను అందరూ తిడతరు, మా దిక్కు నుంచి కూడ ఒక మాట వినుండ్రి. సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దగ్గర నాకు 22 ఏండ్ల సర్వీసు. మా దగ్గరికి వచ్చే సిస్టమ్ ఎట్ల ఉంటదంటే, రెండు యాంటీవైరస్‌లు, పోయిన ఏడు అమ్మేసిన కార్డు డ్రైవర్ ముక్కలు, ఎవరో వేసిన క్రాక్ విండోస్. అండ్ల కారణం దేవులాడితే మూడు గంటలు. ఆ మూడు గంటలకు కస్టమర్ పైస ఇయ్యడు, "చూసిందానికి డబ్బులేంది" అంటడు. ఫార్మాట్ గంటన్నరల అయిపోతది. ఇంకోటి, ఫార్మాట్ కూడ ఒక పరీక్షనే. కొట్టినంక మళ్ల నల్లగైతే డ్రైవర్ కాదు, కార్డో, కరెంటు ఇచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్సో అని తేలిపోతది.

విజయవాడ_రెండర్
అన్నా, పరీక్షే కావాలంటే విండోస్ బదులు ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి చూడొచ్చు కదా. అందులో విండోస్ డ్రైవర్ ఉండదు. అక్కడ కూడా గీతలు, చుక్కలు వస్తే కార్డే. సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే బయాస్ లోగో మీదే గీతలు వస్తే ఆ పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. హార్డ్ డిస్క్ మీద ఒక్క ఫైలు కదలదు.

నెల్లూరు గారితో కూడా నాకు పేచీ ఉంది. మొదటి అడుగే డీడీయూ ఎందుకు? డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తీస్తే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్‌బ్యాక్ బటన్ ఉంటుంది. రెండు నిమిషాల్లో పాత డ్రైవర్‌కు వెళ్ళిపోవచ్చు. డీడీయూ నడిపితే ఆ పాతది కూడా పోతుంది, ఇక ఆ బటన్‌తో వెనక్కి వెళ్ళే దారి ఉండదు. ముందు సులువుగా వెనక్కి తిప్పుకోగలిగింది చెయ్యాలి, తర్వాతే తుడిచేసేది.

పెండ్లికెమెరా అక్కా, ఏదైనా ముట్టుకునే ముందు ఒక్క పని చెయ్యండి. ఈవెంట్ వ్యూయర్, అంటే సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే లాగ్, తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అన్నది చూడండి. సోర్స్ డిస్‌ప్లే, నంబర్ 4101 ఉన్నవన్నీ వెతికి, తేదీ, టైమ్ రాసుకోండి. కార్డు నుంచి 2 సెకన్లలో జవాబు రాకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను ఆపి మళ్ళీ లేపుతుంది. విండోస్ విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. లేపిన ప్రతిసారీ ఆ 4101 పడుతుంది. ఫార్మాట్ కొడితే మొదట చెరిగిపోయేది ఆ లెక్కే.

కాకినాడ_గేమర్
విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఉంటుంది, కార్డు జవాబుకు ఎన్ని సెకన్లు ఆగాలన్నది అదే, ఆ 2ని 10 చేసెయ్యండి. నాకు తగ్గింది.

విజయవాడ_రెండర్
అది జ్వరం ఉందని థర్మామీటర్ మార్చడం తమ్ముడూ. పెద్ద రెండర్‌లో కార్డు నిజంగానే పనిలో మునిగి జవాబు ఆలస్యమైతే పనికొస్తుంది. కార్డు మొరాయిస్తే మాత్రం 2 సెకన్ల నలుపు 10 సెకన్లవుతుంది, అంతే.

నెల్లూరు_టెర్మినల్
రోల్‌బ్యాక్ సంగతి ఒప్పుకుంటాను, అది ముందు ఉండాల్సింది. కానీ డ్రైవర్‌ను నిర్దోషి అనడానికి లేదు. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది, ఫ్యాన్ సరిగా తిరగక కార్డులు వేడెక్కుతున్నాయని. 2015 నవంబరులో ఏఎండీ క్రిమ్సన్ డ్రైవర్ వచ్చినప్పుడు కొన్ని కార్డుల ఫ్యాన్లు 20 శాతం దగ్గరే ఇరుక్కుపోతే, రోజుల్లోనే సవరించిన డ్రైవర్ విడుదల చేశారు. ఆమె చెప్పింది కూడా అదే కదా, కొత్త డ్రైవర్ వేశాకే మొదలైందని.

సర్వీస్‌బెంచ్, సికింద్రాబాద్
ఐదేండ్లకు రెండు చెప్పినవ్. నా బెంచి మీదికి వచ్చే దాంట్ల ఎక్కువ దుమ్ము, ఎండకాలం వేడి, సస్తా ఎస్ఎంపీఎస్. కార్డు తీసి, కాంటాక్టులు రబ్బరుతోని రుద్ది, మళ్ల గట్టిగ కూసుండబెడితే సక్కగైనవి ఎన్నో. అమ్మా, క్యాబినెట్ మూత తీసినవా? కార్డుకు పోయే పవర్ కేబుల్ పూర్తిగ ఎక్కిందో లేదో చూసినవా?

పెండ్లికెమెరా, కరీంనగర్
అందరు చెప్పినయి చేసిన. మూత తీసి దుమ్ము ఊదిన, కేబుల్ గట్టిగనే ఉంది. ఎక్స్‌పోర్ట్‌ల వేడి 78 డిగ్రీలు దాటలే.

లాగ్ చూసినంక నాకే నమ్మబుద్ధి కాలే. 4101లు మొత్తం 17 ఉన్నయి. మొదటిది ఏప్రిల్ 7 రాత్రి 11:40కి. నేను డ్రైవర్ వేసింది 9 నాడు! ఆ 7వ తారీఖుది నేను చూడలే, ఆ టైముకు సిస్టమ్ ముందు మా తమ్ముడు కూసున్నడు.

విజయవాడ_రెండర్
9 అన్నది ఎక్కడ చూశారు? డ్రైవర్ ట్యాబ్‌లో కనిపించే తేదీ కంపెనీ వాళ్ళు వేసిన తేదీ, మీరు వేసింది కాదు. పక్కన ఈవెంట్స్ ట్యాబ్‌లో చూడండి, ఇన్‌స్టాల్ అయిన రోజు అక్కడ ఉంటుంది.

పెండ్లికెమెరా, కరీంనగర్
ఈవెంట్స్‌లనే చూసిన అక్కా. 9 నాడే, పొద్దుగాల.

తమ్ముణ్ని అడిగిన. 7 నాడు వీడియోల చూసి, గేమ్ ఇంకా సాఫీగ నడవాలని కార్డు క్లాక్, అంటే అది నడిచే స్పీడు, పెంచే సాఫ్ట్‌వేర్ వేసిండట. మెమరీ క్లాక్ బాగ పైకి జరిపి, సిస్టమ్ ఆన్ అయినప్పుడల్ల అదే సెట్టింగ్ రావాలని టిక్కు పెట్టిండు. గేమ్‌ల ఒక్కసారే ఆగిందట, పట్టించుకోలే. నా ఎక్స్‌పోర్ట్‌ల గంటల తరబడి లోడు పడేసరికి ప్రతిసారి ఆగుతంది. సెట్టింగ్ మామూలుకు తెచ్చి, టిక్కు తీసిన. డ్రైవర్ మార్చలే, 9 నాడు వేసిందే ఉంది. నిన్న ఆరు గంటల ఎక్స్‌పోర్ట్ ఒక్క నలుపు లేకుంట అయిపోయింది.

నెల్లూరు_టెర్మినల్
అయితే నా మాట విని డీడీయూ నడిపి ఉంటే అరగంట దండగే. డ్రైవర్ ఎంత శుభ్రంగా వేసినా, బూట్ కాగానే ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ క్లాక్ పెంచేది. క్లాక్ ఏమైనా మార్చారా అని మొదటి పోస్టులోనే అడగాల్సింది. నా తప్పే.

సర్వీస్‌బెంచ్, సికింద్రాబాద్
ఇగ నా మాట కూడ చూడుండ్రి. ఫార్మాట్ కొడితే ఆ సాఫ్ట్‌వేర్ కూడ పోయేది, సమస్య పోయేది. గంటన్నరల.

విజయవాడ_రెండర్
పోయేది అన్నా, నిజమే. డ్రైవరే కరప్ట్ అయిందని ఆమె నమ్మేది, మీరూ నమ్మేవారు. తమ్ముడు నాలుగు రోజులకు మళ్ళీ అదే వేసేవాడు. రెండోసారి వచ్చినప్పుడు "ఫార్మాట్ కొట్టినా తగ్గలేదు, కార్డు పోయింది" అని బాగున్న కార్డును పక్కన పెట్టించేవారు. మీరన్న పరీక్షలో నాకు భయం అక్కడే.

సర్వీస్‌బెంచ్, సికింద్రాబాద్
గది ఒప్పుకుంట. అట్ల పక్కకు పెట్టిన కార్డులు ఉన్నయి. కాని చూసిందానికి పైసలు ఎవరిస్తరు? అది చెప్పుండ్రి.

పెండ్లికెమెరా, కరీంనగర్
నేనిస్త అన్నా. లాగ్ ముందటేసి, "గీ తారీఖు నాడు మొదలైంది, గా దినం ఏం చేసిండ్రు" అని అడిగి ఉంటే, ఏం రిపేర్ చెయ్యకున్నా 300 సంతోషంగ ఇద్దును. షాపుల ఎవ్వరు అడగలే. "ఫార్మాట్" అన్నరు, "డేటా కాపీ చేస్కున్నవా" అని కూడ అనలే.

శుక్రవారం వీడియో రెడీ అయింది. తమ్ముడికి వేరే లాగిన్ పెట్టిన, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరనే ఉంది.