మెమరీ కణాలు చిగుళ్ళను కాపాడతాయా, తినేస్తాయా?

దేవరకొండ చిన్నోడు:
మా నాయినకు బ్రష్ పెడితే చాలు, చిగుళ్ళ నుంచి రక్తం. మా దగ్గర పళ్ళకు ఏమైనా ఫ్లోరైడ్ నీళ్ళనే అంటారు. పళ్ళ డాక్టరేమో గార పేరుకుంది, దాని మీద మీ రోగనిరోధక కణాలే ఎక్కువ చేసి చిగురును పాడు చేస్తున్నాయి అన్నాడు. నేను చదివిందేమో పాత క్రిమిని గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు నోటిని కాపాడతాయని. ఏది నిజం? పైగా నాకు జ్వరం వస్తే పెదవి మీద అదే చోట పొక్కులు లేస్తాయి, మరి ఆ మెమరీ ఏమైనట్టు?

ల్యాబ్ అక్క, మిర్యాలగూడ:
తమ్మీ, ఫ్లోరైడ్ మచ్చలు చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడు ఎనామెల్‌లో పడేవి, చిగుళ్ళ రక్తం మామూలుగా పాచి వల్ల. ఇక మెమరీ టీ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, అన్నీ రక్తంలో తిరగవు. కొన్ని చిగుళ్ళలో, బుగ్గ లోపలి పొరలో దిగి అక్కడే ఉండిపోతాయి. వాటి మీద సీడీ69, సీడీ103 అనే ప్రోటీన్లుంటాయి, మొదటిది బయటికి పోనివ్వదు, రెండోది పైపొర కణాలను పట్టుకోవడానికి. చెరువు కాడ నీరటి లెక్క అనుకో, కట్టకు గండి పడితే ముందు చూసేది ఆయనే, ఊరిని కేకేసేదీ ఆయనే. పాత క్రిమి కనబడగానే ఇవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ వదిలి చుట్టూ ఉన్న కణాలను లేపుతాయి, రక్తంలోంచి మిగతావాటిని రప్పిస్తాయి. కొత్త క్రిమికి రోజులు పట్టే పని గంటల్లో మొదలైపోతుంది.

పాలమూరు డెంటల్ స్టూడెంట్:
అక్క చెప్పింది కరెక్టే, కానీ మీ డాక్టర్ చెప్పిందీ కరెక్టే. చిగురులో టీహెచ్17 అనే టీ కణాలుంటాయి. నమిలేటప్పుడు పడే రాపిడికే అవి పెరుగుతాయని, దానికి సూక్ష్మజీవులు కూడా అక్కర్లేదని 2017లో ఎలుకల్లో చూపించారు. అవి ఐఎల్-17 అనే సంకేత ప్రోటీన్ వదిలి, క్రిములను మింగే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను రప్పిస్తాయి, అంతవరకు మంచిదే. పాచి నెలల తరబడి పన్ను మొదట్లో ఉండిపోతే మాత్రం ఆ పిలుపు ఆగదు, వాపు దిగదు, చివరికి పన్నును పట్టుకున్న ఎముక అరుగుతుంది. పుట్టుకతోనే టీహెచ్17 సరిగా తయారుకాని వాళ్ళను చూస్తే వాళ్ళకు చిగుళ్ళ జబ్బు తక్కువే, కానీ నోట్లో కాండిడా ఫంగస్ పడుతుంది. అందుకే ఆ కణాలను అణిచేయడం కాదు, గార తీయించడమే మందు.

పొక్కుల సంగతి వేరే. ఆ హెర్పిస్ వైరస్ నీ పెదవిలో కాదు, ముఖానికి వచ్చే నరం మొదట్లో దాక్కుంటుంది. మెమరీ కణాలు అక్కడ దాన్ని అదుపులో పెడతాయి గానీ తుడిచిపెట్టలేవు. జ్వరమో, ఎండో, టెన్షనో తగిలినప్పుడు అది నరం వెంట పెదవికి దిగుతుంది.

నాయినకు షుగర్ ఉందా? బీడీ తాగుతాడా? తాగేవాళ్ళకు రక్తం తక్కువ వస్తుంది, లోపల జబ్బు ముదురుతున్నా తెలియదు.

దేవరకొండ చిన్నోడు:
బీడీ లేదన్నా, షుగర్ ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని భయపడుతున్నాడు.

పాలమూరు డెంటల్ స్టూడెంట్:
గార పోయాక వాపు తగ్గి సందులు కనిపిస్తాయి, పన్ను కదిలినట్టు అనిపించేది అందుకే. ఎముక కరిగింది అంతకుముందే. షుగర్ అదుపులో లేకపోతే చిగురు తొందరగా మానదు, ముందు ఆ పరీక్ష చేయించి రిపోర్ట్ పట్టుకుని పళ్ళ డాక్టర్ దగ్గరికి పొమ్మను.