మల్కాపురంలో పిల్లాడి బొమ్మ డ్రోన్ ఇంట్లో ఉంచుకోవచ్చా?

వైజాగ్ మల్కాపురంలో, నేవీ గోడకు నాలుగు వీధుల అవతల ఉంటాం. మొన్న రాత్రి ఆ గోడ మీద ఏదో ఎగిరిందని అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో ఒకటే గోల. మావాడైతే పుట్టినరోజుకి మామయ్య ఇచ్చిన డ్రోన్‌ను బియ్యం డబ్బా వెనక దాచేశాడు! నవ్వొచ్చింది గానీ నాకూ టెన్షన్‌గానే ఉంది. 2021 జూన్‌లో జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌పై డ్రోన్ దాడి జరిగాక, నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల దాకా ఎగరేయొద్దన్నారు, అది తెలుసు. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు కదా, అలాంటి బొమ్మలకూ ఈ నిషేధం వర్తిస్తుందా? వాచ్‌మన్ ఏమో స్టేషన్‌లో ఇచ్చెయ్యమంటున్నాడు. ఎగరెయ్యకుండా ఊరికే ఇంట్లో ఉంచుకున్నా తప్పేనా? ఈ రూల్స్ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.