మోటారు బేరింగు గరగరమంటోంది, ఇంకా గ్రీజు పెట్టాలా?

బత్తాయితోట:
మా బావి మీద ఐదు హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే షాఫ్టు మీద ఉండే రకం) మోటారు ఉంది. పది రోజులుగా ఫ్యాను వైపు నుంచి గరగర. నాన్న వెనుక మూత విప్పి, ట్రాక్టరుకు వాడే గ్రీజు పట్టినంత కూరారు. రెండు గంటలు చప్పుడు లేదు. తర్వాత చెయ్యి ఆనించలేనంత వేడి, గ్రీజు కరిగి షాఫ్టు వెంట కారింది. ఇంకొంచెం పెట్టాలా, బేరింగు మార్చాలా? తోటకు తడి ఆపే రోజులు కావు.

పాతఫిట్టరు:
ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టరు ఉన్నచోట కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. మీ వేళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియదు.

ఇంకా గ్రీజు వద్దు. ఆ మోటారు నిమిషానికి 2,880 చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. నిండా కూరితే గుండ్లు ఆ ముద్దను మజ్జిగలా చిలుకుతాయి. వెన్న రాదు, వేడి వస్తుంది. గ్రీజంటే సబ్బులో పట్టి ఉంచిన నూనె. వేడికి నూనె కారిపోయి సబ్బు మిగులుతుంది. బేరింగు ఖాళీలో మూడో వంతు, మహా అయితే సగం చాలు. మోటారుకు లిథియం గ్రీజు అడిగి తీసుకోండి. కాల్షియం సబ్బుతో చేసిన మామూలు గ్రీజు నీటికి ఓర్చుకుంటుంది గానీ ఇంత వేడికి నిలవదు. రెండు రకాలూ కలపవద్దు.

బేరింగు అంచున నంబరు చదవండి. 6206 అయితే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు (చివరి రెండంకెలను ఐదుతో హెచ్చించాలి). పక్కన జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత. వాటిలో గ్రీజు కంపెనీలోనే నింపి వస్తుంది, పైన పూసి లాభం లేదు. మీది రెండు గంటలు నోరు మూసుకుందంటే మూత లేని రకమే అయి ఉంటుంది. గరగర మొదలైందంటే గుండ్లు దొర్లే దారి పెచ్చులూడింది. గ్రీజు చప్పుడును కప్పుతుంది, గుంటను పూడ్చదు. మార్చాల్సిందే.

పాతది పుల్లరుతో లాగండి. కొత్తది ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి, దానికి సరిపోయే ఇనుప గొట్టం ముక్క పెట్టుకోండి. పనిలో చేరిన కొత్తలో నేను బయటి రింగు మీద సుత్తితో కొట్టి ఎక్కించాను. ఇరవై రోజుల్లో అదే మోటారు అదే గరగరతో తిరిగొచ్చింది. మేస్త్రి ఏమీ అనలేదు, విప్పి గుండ్లు ఆనిన చోటల్లా పడిన నొక్కులను వేలుగోటితో నా చేత తడిమించాడు.

వరిమడి:
రెండు వైపులా మార్చండి. నేను ఫ్యాను వైపే మార్పించాను, నెల తిరక్కుండానే పంపు వైపుది పోయింది. కూలి రెండుసార్లు ఇచ్చుకున్నాను.

బత్తాయితోట:
నిన్న విప్పించాము. నంబరు 6206, మూత లేనిదే. ఫ్యాను వైపు గుండ్లను పట్టి ఉంచే పంజరం విరిగింది. వరిమడి గారన్నట్టు పంపు వైపు కూడా విప్పితే, అక్కడి గ్రీజు ఇటుక రంగులో ముద్దగా ఉంది. ఎందుకు?

పాతఫిట్టరు:
తుప్పు. గ్లాండు (షాఫ్టు పంపులోకి వెళ్లేచోట నీటిని ఆపేందుకు తాడు చుట్టి బిగించే భాగం) కారుతోంది, ఆ నీరు షాఫ్టు వెంట నడిచి బేరింగులోకి చేరుతోంది. గ్లాండుకూ మోటారు మూతకూ మధ్య షాఫ్టు మీద ఒక రబ్బరు బిళ్ల ఉండాలి. తిరుగుతూ నీటిని విసిరేస్తుంది. ఉందా? అది లేకపోతే ఎన్ని బేరింగులు వేసినా ఇంతే. గ్లాండు తాడు కూడా మార్చండి, కానీ మరీ బిగించవద్దు. చుక్క చుక్కగా కారాలి, లేకపోతే షాఫ్టు అరుగుతుంది.

బత్తాయితోట:
లేదండీ. రెండేళ్ల క్రితం వైండింగు చేయించినప్పుడు మెకానిక్కు తీసి పక్కన పెట్టారట. ఇప్పుడు పనిముట్ల డబ్బా అడుగున దొరికింది. నాన్న దాన్ని స్ప్రేయరు వాషరనుకుని దాచారు.