బొమ్మ కింద రేటు రాయాలా, ‘మెసేజ్ చేయండి’ అనాలా?

అలిపిరి_రంగులు: మాది తిరుపతి. అమ్మ పుట్టిల్లు శ్రీకాళహస్తి. ఇద్దరం కలంకారీ వేస్తాం. ఈ మధ్యే ఇన్‌స్టాలో పేజీ తెరిచాను. వటపత్రశాయి బొమ్మ పెడితే కామెంట్లన్నీ ‘రేటెంత?’ అనే. నాలుగు వేలని రాస్తే జనం పారిపోతారేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

చంద్రగిరి_కోట: రేటు లేకపోతే నేను దాటేస్తా. మెసేజ్ పెట్టి అడిగాక వద్దనాలంటే మొహమాటం.

స్వర్ణముఖి_77: రాయొద్దమ్మా. నేను కలంకారీ పేజీ నడుపుతున్నా, అనుభవంతో చెప్తున్నా. నాలుగు వేలని రాయగానే ఎవరో ఒకరు స్క్రీన్ ప్రింట్ చీర లింకు తెచ్చి, ‘ఇదే డిజైన్ ఆరు వందలకే ఉంది’ అని కింద పెడతారు. వంద మంది చదివేది ఆ కామెంటే. అదే మెసేజ్‌లోకి వస్తే గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఎండబెడతామని, ఆ పాల కొవ్వు వల్లే రంగు పాకకుండా గీత నిలుస్తుందని చెప్పొచ్చు. పని తెలిశాక రేటు చెప్తే బేరం తగ్గుతుంది.

తిరుచానూరు_అమ్మాయి: రీల్ పెట్టు అక్కా. ఫోటోలకు రీచ్ లేదిప్పుడు.

కలం_పట్టినోడు: రేటు రాయాల్సిందే. దాచిన రేటు వల్ల నష్టపోయేది వేసినవాడు. మా నాన్న వేసిన రామ పట్టాభిషేకం గుడ్డను తిరుపతిలో ఒక షాపు తీసుకుంది. మాకిచ్చిన డబ్బుకు మూడింతలకు అమ్ముకున్నారని, కొన్నాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చెప్తేగానీ తెలియలేదు. ఆ ఏడంతా వాళ్లకు అదే లెక్కన ఇచ్చాం. రేటు అందరికీ కనబడితే ఈ మోసం జరిగేదా?

స్వర్ణముఖి_77: షాపు సంగతి వేరు బ్రదర్. ఆ అమ్మాయి అడిగింది సొంత పేజీ గురించి.

కలం_పట్టినోడు: ఎక్కడైనా ఒకటే. రేటు రాయాలి.

స్వర్ణముఖి_77: రాసి చూడు, తెలుస్తుంది. రాత్రి పదకొండింటికి మెసేజ్‌లకు జవాబు చెప్పేది నేను. మొదటి ఉతుకులో రంగు కాస్త దిగిందని ఒకామె చీర వాపసు పంపితే రానుపోను కొరియర్ నా జేబులోంచే పోయింది. సహజ రంగు అంతేనని ఎంత చెప్పినా వినలేదు.

ఏర్పేడు_క్రాస్: శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే జీఐ, అంటే ఆ ఊరి పేరుకు చట్టపరమైన గుర్తింపు, వచ్చింది కదా. ప్రింటు చీరను ఆ పేరుతో అమ్మితే ఫిర్యాదు చేయొచ్చు.

తిరుచానూరు_అమ్మాయి: వీడియోలో గుడ్డ వెనక వైపు కూడా చూపించు అక్కా. కలంతో వేసిన గీత అటు దిగి ఉంటుంది. తెలిసినవాళ్లు అది చూసి బేరమాడరు.

కలం_పట్టినోడు: @స్వర్ణముఖి_77 కొరియర్ లెక్కలు చెప్తున్నావు సరే, ఎప్పుడైనా కలం పట్టావా?

స్వర్ణముఖి_77: పట్టలేదు. అమ్మాను. అమ్మేవాడు లేకపోతే మీ గుడ్డలు బీరువాలోనే ఉంటాయి.

చంద్రగిరి_కోట: నిదానంగా మాట్లాడుకోండి సామీ.

కలం_పట్టినోడు: నిదానంగానే అడుగుతా. నీ పేజీలో ‘మా చేతి పని’ అని రాసుకున్నావు. పోయిన వారం రీల్‌లో ఎర్ర గాజుల చెయ్యి ఒకటి గుడ్డ మీది చేప బొమ్మ పొలుసులకు, రంగు పట్టడానికి పటిక నీళ్లు పెడుతోంది. మొహం లేదు, పేరు లేదు. ఆ చెయ్యి మా పిన్నిది. గీత గీసింది మా బావ. కింద కామెంట్లలో జనం ‘ఎంత బాగా వేశారండీ’ అంటే ‘థాంక్యూ’ అన్నది నువ్వు.

స్వర్ణముఖి_77: ఆమెకు కూలి బాకీ పెట్టానా? ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు ఇచ్చాను.

కలం_పట్టినోడు: కూలి సంగతి ఎవరడిగారు? జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు, ఊరంతా పొంగిపోయాం. ఆయన పేరు తెలిసినట్టు, ఇళ్లలో కూర్చుని రంగులు నింపే ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా బయట ఎవరికైనా తెలుసా? ఇన్‌స్టాలో పేరు రాయడానికి పైసా ఖర్చు లేదు.

స్వర్ణముఖి_77: ఖర్చు ఉంది. పేరు రాసిన మరునాడే పెద్ద షాపులవాళ్లు నేరుగా ఆమెకు ఫోన్ చేస్తారు. ఫోటోలు నావి, ప్రమోషన్‌కు కట్టిన డబ్బు నాది, పోగుచేసిన కస్టమర్లు నావాళ్లు. అవన్నీ ఏం కావాలి?

కలం_పట్టినోడు: చేయనీ. నీకంటే ఎక్కువిస్తే వాళ్లకే వేస్తుంది.

అలిపిరి_రంగులు: అన్నా, నా ప్రశ్న రేటు గురించి. కానీ ఇది చదివి అమ్మ అడిగింది, మన పేజీలో నా పేరుందా అని. లేదు. ఇప్పుడే రాస్తున్నా.

స్వర్ణముఖి_77: మీ పిన్ని వచ్చి అడిగితే నేనూ రాస్తా. ఇప్పటిదాకా ఆమె అడగలేదు.

కలం_పట్టినోడు: అడిగితే వచ్చే నెల గుడ్డ ఇంకొకరి ఇంటికి పంపుతావని ఆమె భయం. పంపనని ఇక్కడ అందరి ముందూ రాయి, సాయంత్రానికల్లా ఆమె చేతే అడిగిస్తా.