అప్‌డేట్: కైరో వెళ్లొచ్చాను, క్లాసు కూడా చెప్పాను

నర్సాపురంలో కూచిపూడి నేర్పే నేను కైరోలో బెల్లీ డాన్స్ ఫెస్టివల్‌కి వెళ్లాలా, అక్కడ క్లాసులో ఏం చెప్పాలి అని మూడు నెలల కిందట అడిగాను కదా. వెళ్లొచ్చాను!

"గజ్జెలు, డ్రెస్సు చేతి బ్యాగులోనే పెట్టుకో అక్కా" అన్న చెల్లికి ముందుగా థాంక్స్. నా పెద్ద పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

టెన్షనంతా క్లాసు గురించే. వాళ్ల మక్సూమ్ తాళంతో మొదలుపెట్టాను: దుమ్, తెక్, తెక్, దుమ్, తెక్. ఈ ఐదు డోలు దెబ్బలూ ఎనిమిది అక్షరాల్లో (తాళం లెక్కల్లో) ఒదుగుతాయి. చేత్తో మన ఎనిమిది లెక్కల ఆది తాళం వేయిస్తూ నోటితో ఇది పలికించాను. రెండోసారికే గదంతా అందుకుంది. కూచిపూడిలో సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డారు. మనం మోకాళ్లు పక్కలకి విప్పి కూర్చుంటాం. వాళ్లవి ముందుకే, మెత్తగా వంగి ఉంటాయి.

నా తప్పు నేను నేర్చుకునే క్లాసులో బయటపడింది. తుంటిని నడుముతో తోస్తున్నాను. టీచరుగారు నా మోకాలి మీద రెండు వేళ్లు ఆనించి "ఇక్కడ్నుంచి" అన్నారు. అంతే, తుంటి దానంతటదే లేచింది. ఆ క్షణం కోసమైనా మళ్లీ వెళ్తాను.

అత్తయ్యగారి భయం పొట్ట కనపడుతుందని. బలదీ అనే ఈజిప్టు జానపద తరహా నాట్యానికి మడమల దాకా గౌను ఉంటుంది, అదే వేసుకున్నాను. వీడియో చూసి "ఎంత నిండుగా ఉందే!" అన్నారు.

ఒక సాయంత్రం నైలు ఒడ్డున నిలబడితే మా వశిష్ఠ గోదావరే గుర్తొచ్చింది. వచ్చే వారం నుంచి మా పిల్లలకీ మక్సూమ్ చెప్తున్నాను.