అప్‌డేట్: కేరియోటైప్ స్లైడ్లలో మెటాఫేజ్‌లు దొరకని సమస్య తీరింది

కేరియోటైప్ (కణంలోని క్రోమోజోముల చిత్రం) కోసం 72 గంటల రక్తపు కల్చర్ (రక్తకణాలను మీడియంలో పెంచడం) తర్వాత స్లైడుకు రెండు మూడు మెటాఫేజ్‌లే (విభజన మధ్యలో క్రోమోజోములు స్పష్టంగా కనిపించే కణాలు) వస్తున్నాయని, అవీ ముద్దగా ఉంటున్నాయని ఇంతకుముందు అడిగాను. తప్పు ఒకటి కాదు, రెండు.

మొదటిది ట్యూబు. శాంపిల్ ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులో వస్తోంది. కల్చర్‌లో వేసే పీహెచ్‌ఏ అనే పదార్థం లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలు) విభజనకు లేపాలంటే కాల్షియం కావాలి, దాన్నే ఈడీటీఏ పట్టేస్తుంది. సోడియం హెపారిన్ ట్యూబుకు మారగానే మెటాఫేజ్‌లు బాగా పెరిగాయి. 5 మి.లీ. మీడియంకు 0.5 మి.లీ. రక్తం, 37 డిగ్రీలు, అదే పాత లెక్క.

రెండోది ముద్ద కట్టడం. కణాల విభజనను మెటాఫేజ్ దగ్గర ఆపే కోల్చిసిన్‌ను రెండు గంటలు ఉంచితే క్రోమోజోములు పొట్టిగా, లావుగా తయారై బ్యాండ్లు (రంగు వేస్తే కనిపించే అడ్డచారలు) కలిసిపోతాయి. ఇప్పుడు 45 నిమిషాలే. తర్వాత కణాలు ఉబ్బడానికి 37 డిగ్రీల 0.075 మోలార్ పొటాషియం క్లోరైడులో 20 నిమిషాలు. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది: మొదటిసారి వేసే ఫిక్సేటివ్‌ను (కణాలను ఉన్నవున్నట్టు నిలిపే ద్రవం) ట్యూబు కదుపుతూ చుక్క చుక్కగా వేయాలి. ఒక్కసారిగా పోస్తే కణాలు గడ్డకడతాయి, ఆ గడ్డ మళ్లీ విడిపోదు. చుక్కలు పడుతుంటే ఎర్రటి ద్రవం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది.

ఈ ఫిక్సేటివ్‌కు మిథనాల్ మూడు పాళ్లు, అసిటిక్ ఆమ్లం ఒక పాలు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిన్నటిది వాడొద్దు, రెండూ చర్య జరిపి మిథైల్ అసిటేట్, నీరు తయారవుతాయి. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

ట్రిప్సిన్ బ్యాండింగ్ (ట్రిప్సిన్ ఎంజైముతో క్రోమోజోములపై బ్యాండ్లు కనిపించేలా చేయడం) ఇంకా కుదరలేదు. తాజా స్లైడ్లలో క్రోమోజోములు ఉబ్బిపోతున్నాయి, అందుకే స్లైడ్లను 60 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెట్టి చూస్తున్నాను.