మున్సిపల్ ఆఫీసును అద్దె భవనానికి మార్చేటప్పుడు ఏమేం చూశారు?

సాగరతీరం

నమస్కారం అండి. కోస్తాలోని ఒక నగరపాలక సంస్థ రెవెన్యూ విభాగంలో పనిచేస్తున్నాను. మా భవనం శిథిలావస్థకు చేరిందని ఇంజినీరింగ్ వాళ్లు తేల్చారు. కొత్తది కట్టేదాకా, అంటే కనీసం మూడేళ్లు, అద్దెకు ఉండాలి. సుమారు 8,000 చదరపు అడుగులు కావాలి. చూసినవాటిలో మూడు మిగిలాయి.

ఒకటి మెయిన్ రోడ్డు మీద కమర్షియల్ కాంప్లెక్సులో మూడో అంతస్తు. రెండోది కాలనీ లోపల కొత్తగా కట్టిన నాలుగంతస్తుల ఇల్లు. మొత్తం మాకే ఇస్తామంటున్నారు, అద్దె అన్నిటికన్నా తక్కువ. మూడోది బస్టాండు దగ్గర మూతపడిన షోరూమ్, కిందా పైనా రెండంతస్తులు. అద్దె ఎక్కువ, మరమ్మతులూ ఉన్నాయి. పైవాళ్లు కాలనీ ఇంటివైపు మొగ్గుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. అయితే ఫైల్లో నోట్ రాయాలంటే గట్టి కారణాలు ఉండాలి కదా. ఇలా ఆఫీసు మార్చిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కృష్ణలంక

2016లో హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చిన శాఖాధిపతి కార్యాలయాల్లో మాదీ ఒకటి. విభజన చట్టం ప్రకారం హైదరాబాదులో పదేళ్ల వరకు ఉండే వీలున్నా, రెండేళ్లకే బయల్దేరాం. సచివాలయానికి వెలగపూడిలో తాత్కాలిక భవనాలు కట్టారు కానీ శాఖాధిపతుల ఆఫీసులు చాలావరకు ప్రైవేటు భవనాలే వెతుక్కోవాల్సి వచ్చింది. అందరూ ఒకేసారి వెతికితే ఏమవుతుంది? ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడికి పోయారు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, తాడేపల్లి, గుంటూరు, ఇలా చెల్లాచెదురయ్యారు. శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన మనిషి ఒక ఆఫీసులో సంతకం చేయించుకుని, రెండో ఆఫీసు ఎక్కడుందో కనుక్కునేసరికి మధ్యాహ్నమయ్యేది.

అదే విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోని ఎన్టీఆర్ అడ్మినిస్ట్రేటివ్ బ్లాకు చూడండి. బస్సు దిగినవాళ్లు నడిచి ఆఫీసుకు వెళ్లొచ్చు. అద్దె తేడా లెక్క వేసేటప్పుడు జనానికయ్యే ఆటో ఖర్చు ఫైల్లో ఎవరూ రాయరు. మీరు రాయండి. మీ విభాగానికి వచ్చేది ఇంటి పన్ను కట్టే మామూలు జనం. నా ఓటు షోరూముకే.

పిల్లర్‌గ్రిడ్

స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఒక్కటే అడుగుతాను. మీ రికార్డులు ఎక్కడ పెడతారు? భవనాలు ఎంత బరువు మోయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్ల గదుల స్లాబును చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువుకు లెక్కకడతాం. మామూలు ఆఫీసు గదికి 250 నుంచి 400. ఆఫీసుల్లో ఫైళ్ల గదికి అయితే 500 కిలోలు. అంటే ఇంటి స్లాబు కన్నా రెండున్నర రెట్లు. పన్ను రిజిస్టర్లు, డిమాండు పుస్తకాలు, మ్యుటేషన్ (యజమాని పేరు మార్పు) ఫైళ్లు ఇనుప ర్యాకుల్లో పైదాకా పేర్చారంటే ఆ బరువు నిజంగానే వస్తుంది.

కొత్త ఇల్లు కదా, బలంగానే ఉంటుంది అనుకోకండి. కొత్తదైనా అది ఇంటి బరువులకే డిజైన్ చేసిన భవనం. పగుళ్లు వెంటనే రావు. ముందు స్లాబు కొద్దిగా కిందికి వంగుతుంది, తలుపులు బిగుసుకుంటాయి, ఆ తర్వాత బీముల దగ్గర సన్నటి గీతలు కనిపిస్తాయి. ఏ భవనం తీసుకున్నా రికార్డు రూము నేల మీదే ఉండాలి. షోరూముకు గ్రౌండ్ ఫ్లోర్ ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మూడో అంతస్తు అయితే యజమాని దగ్గర డిజైన్ లోడ్ కాగితం అడిగి మీ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారితో చూపించుకోండి.

సింగ్‌నగర్ వాసి

నేల మీద అంటే గ్రౌండ్ ఫ్లోరే, సెల్లార్ కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇళ్లలో కాగితం ముక్క మిగల్లేదు. పైగా సెల్లార్‌కు అనుమతి ఇచ్చేది పార్కింగు కోసం. కార్పొరేషన్ ఆఫీసే అక్కడ ర్యాకులు పెడితే రేపు ఎవరికి నోటీసు ఇవ్వగలదు?

ఓరుగల్లు పద్మ

కౌంటర్లో చాలాకాలం కూర్చున్నదాన్ని, అక్కడి సంగతి చెప్తాను. ఏప్రిల్లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుంది కదా, ఆ నెల రద్దీని బట్టి భవనం చూడండి. ఆన్‌లైన్ వచ్చినా పెద్దవాళ్లు కౌంటరుకే వస్తారు. ఎండాకాలం, ఒక్క లిఫ్టు, మూడో అంతస్తు. లిఫ్టు జనరేటర్ మీద నడుస్తుందా అని మొదటిరోజే అడగండి. నీడలో నిలబడే చోటు, తాగునీళ్లు, వచ్చిన జనానికి వేరే టాయిలెట్ ఉన్నాయో లేదో చూడండి. ఇంటి నమూనాలో కట్టినవాటిలో బాత్రూములు బెడ్రూముల లోపల ఉంటాయి. అధికారి గదిలోంచి వెళ్లాల్సిన బాత్రూముకు ఆడ ఉద్యోగులు ఎలా వెళ్తారండి?

ర్యాంపు కూడా చూడండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే గుమ్మం రెండడుగుల ఎత్తులో ఉంటే 24 అడుగుల పొడవు కావాలి. కాలనీ ఇంటి ముందు అంత జాగా ఉంటుందా? టేపు పట్టుకెళ్లి కొలవండి.

గుంటూరు అకౌంట్స్

కాగితాల సంగతి నేను చెప్తాను, అసలు చిక్కులన్నీ ఇక్కడే వస్తాయి. యజమాని చెప్పే అద్దె వేరు, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఈఈ ఇచ్చే రీజనబుల్ రెంట్ సర్టిఫికెట్లో వచ్చే అద్దె వేరు. రెండోది చేతికి రాకుండా సామాను కదల్చొద్దు. ముందు మారిపోయి తర్వాత సర్టిఫికెట్ తక్కువకు వస్తే ఆ తేడాకు ఆడిట్ అభ్యంతరం పడుతుంది, అది ఏళ్ల తరబడి తెగదు. విస్తీర్ణం కూడా ఏ లెక్కలో చెప్తున్నారో చూడండి. బ్రోకర్లు మెట్లు, కారిడార్లు కలిపి సూపర్ బిల్టప్ చెప్తారు. మీకు కావాల్సిన 8,000 ఏ లెక్కలోదో ముందే తేల్చుకోండి.

ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. భవనం బ్యాంకు తనఖాలో ఉంటే బ్యాంకు నుంచి అనుమతి లేఖ తెమ్మనండి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అద్దె ఎవరి ఖాతాకో అందరి సంతకాలతో రాయించండి. మా దగ్గర ఇది చేయకపోవడంతో ఇద్దరు అన్నదమ్ములు వేర్వేరుగా లాయరు నోటీసులు పంపి, అద్దె తనకే ఇవ్వాలని ఎవరికి వారే అన్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, వాడుకోవచ్చు అని ఇచ్చేది), ఎత్తును బట్టి ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. ఇంటికి ప్లాను తీసుకుని ఆఫీసుగా ఇస్తామంటే మన టౌన్ ప్లానింగ్ వాళ్లు దాన్ని ఎలా సమర్థిస్తారు? ఆ ఇంటి విషయంలో ఈ ఒక్క ప్రశ్న నోట్‌లో పెడితే చాలు.

ఏడాది దాటే లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. మూడేళ్లు ఉంటామని తెలిసీ 11 నెలల కాగితం రాసుకోవద్దు. ఏటా అద్దె పెంపు ఎంత, ఖాళీ చేయడానికి నోటీసు ఎన్ని నెలలు, పార్టిషన్లు ఎవరివి, జీఎస్టీ అద్దెలో కలిసే ఉందా, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి. నెల అద్దె 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పోతుందని యజమానికి ముందే చెప్పండి. అద్దె ఒప్పందం తేదీ నుంచి కాదు, మరమ్మతులు పూర్తిచేసి తాళం అప్పగించిన తేదీ నుంచి మొదలవ్వాలి.

హన్మకొండ మేడ

నేను అవతలివైపు మనిషిని. మా భవనాన్ని ప్రభుత్వ ఆఫీసుకు అద్దెకిచ్చాను. మంచి భవనాలు మీ దాకా ఎందుకు రావో తెలుసా? అద్దె ఎప్పుడు వస్తుందో తెలియదు. నా బ్యాంకు ఈఎంఐ మాత్రం నెల తప్పదు. 2024 అక్టోబరులో తెలంగాణలో గురుకులాల గేట్లకు యజమానులు తాళాలు వేసింది బకాయిల వల్లే. పిల్లలు బయట నిలబడటం తప్పే, నేను సమర్థించను. కానీ అద్దెకు బడ్జెట్ కేటాయింపు చూపించి, ఏ తేదీలోపు బిల్లు పెడతారో రాసిస్తే, నాలాంటివాళ్లు కొంచెం తక్కువకైనా ఇస్తారు. షోరూమ్ యజమానితో ఆ మాట మీద బేరం ఆడి చూడండి.

సాగరతీరం

అందరికీ చాలా థాంక్స్ అండి. పద్మ గారూ, సాయంత్రం టేపు తీసుకెళ్లాను. కాలనీ ఇంటి గేటు నుంచి గుమ్మానికి మధ్య పదకొండు అడుగులే ఉంది. ప్లాను కూడా నివాసానికే తీసుకున్నారు. ఈ రెండూ, రికార్డుల బరువు, ఆటో ఖర్చు నోట్‌లో రాస్తున్నాను. మరమ్మతులు తానే చేయించి ఇస్తానని షోరూమ్ యజమాని అన్నారు, అద్దె మీద ఇంకా మాట్లాడాలి. ఒక సందేహం. నెట్‌వర్కు లైను మారేలోపు కౌంటర్లు ఆగిపోకుండా ఏం చేశారు?

గుంటూరు అకౌంట్స్

నెట్‌వర్కు లీజు లైను షిఫ్టింగుకు ఒప్పందం మీద సంతకమైన రోజే దరఖాస్తు పెట్టండి, సామాను కదిలేదాకా ఆగొద్దు. కొత్తచోట లైను పనిచేస్తోందని మీ ఐటీ వాళ్లు చూసి చెప్పాకే కౌంటర్లు తరలించండి. పాత భవనంలో జనాన్ని ఉంచే వీలు లేదంటున్నారు కాబట్టి, దగ్గర్లో మీదే వార్డు ఆఫీసు ఏదైనా ఉంటే రెండు కౌంటర్లు కొన్నాళ్లు అక్కడ నడపండి. పాత గేటు మీద కొత్త చిరునామా, బస్సు నంబర్లతో పెద్ద బోర్డు పెట్టించండి. మార్చిలో మాత్రం మారొద్దు, ఆర్థిక సంవత్సరం చివరి వసూళ్లు దెబ్బతింటాయి.